రంగమ్మ పాటలో సువార్తక్క

నిన్న పొద్దున తడ ఫ్యాక్టరీ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది.

"సువార్త లేదమ్మా" అన్నాడు వాళ్ళాయన.

"యాడికి పోయింది అన్నా?" అని అడిగాను. నిజంగానే అలా అడిగాను.

ఆయన ఏడుపు విన్నాక గానీ అర్థం కాలేదు. హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళే టైమ్ కూడా ఇవ్వలేదు.

హైవే మీదే బస్సు ఆపించి దిగిపోయాను.

మా సువార్తక్క తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. గూడూరు నిమ్మకాయల మార్కెట్‌లో నేనూ అక్కా పక్కపక్కన కూర్చుని ఏళ్ళ తరబడి కాయలు ఏరాం. చేతులు పనిలో ఉంటే నోట్లో పాట ఉండేది.

వాళ్ళత్త రాహేలమ్మ దగ్గర అక్క నేర్చుకున్న నాట్ల పాట అది. దూరమైన స్నేహితురాలిని పిలిచే పాట.

"ఏ గట్టున నిలిచావే రంగమ్మా
నా పక్కన నీ సాలు ఖాళీగుంది"

రంగమ్మ అంటే రాహేలమ్మతో కలిసి నాట్లు వేసిన మనిషి. ఎప్పుడో చనిపోయింది.

తర్వాత నాకు తడలో జాబ్ వచ్చి మార్కెట్ మానేశాను. ఒక సెలవు రోజు అక్కని చూద్దామని వెళ్తే షెడ్ బయటికే పాట వినిపించింది. అందరూ కలిసి పాడుతున్నారు.

"ఏ బస్సెక్కి పోయావే షకీలా
నా పక్కన నీ పీట ఖాళీగుంది"

షకీలా అంటే నేనే.

లోపలికి వెళ్ళలేకపోయాను. బయటే నిలబడి ఏడ్చాను.

సంగతి రాహేలమ్మకి తెలిసి పెద్ద గొడవైంది. ఆ రోజు నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాను.

"మా రంగమ్మని తీసేసినావా? ఎవురు చెప్పినారు నీకు?"

అక్క గొంతు పెంచలేదు. తగ్గనూ లేదు.

"అత్తా, మీయమ్మ పాడేటప్పుడు ఆడ ఎవురి పేరుండేది?"



"చెంగమ్మ" అని వాళ్ళమ్మ స్నేహితురాలి పేరు చెప్పింది ముసలామె. "అయినా సరే, రంగమ్మని తీయబాకు. దాని తర్వాత నీ షకీలాని పెట్టుకో."

అంతే. చెంగమ్మ కూడా పాటలోకి తిరిగొచ్చింది. ఆ తర్వాత మార్కెట్‌లో ఒక్కొక్కరూ తమ స్నేహితురాలి పేరు కలుపుకుంటూ పోయారు. పాట పాడైపోతోందని ఎవరో అంటే అక్క నవ్వింది.

"పాడితే పాడుకాదు మే. పాడకపోతేనే పాడైపోద్ది."

ఈ ఉదయం సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక రాహేలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పాడు మే."

మొదలుపెట్టాను. రంగమ్మ దాకా బాగానే వచ్చింది. అక్క పేరు దగ్గరికి వచ్చేసరికి ఉత్త సువార్తా అంటే రాగంలో ఇమడలేదు. ఆగిపోయాను.

"నువ్వు దాన్ని ఎట్ట పిలుస్తావో అట్టనే పిలువు. రాగం అదే సర్దుకుంటది" అంది రాహేలమ్మ.

సువార్తక్కా అని పూర్తిగా పిలిచాను. రాగం కొంచెం సాగింది. మార్కెట్ ఆడవాళ్ళు ఆ సాగిన చోటే అందుకున్నారు.

రేపు డ్యూటీకి వెళ్తున్నాను.

బస్సులో పాడతాను. కొత్తమ్మాయిలు నవ్వినా పాడతాను. ఇయర్‌ఫోన్స్ తీయించి మరీ నేర్పిస్తాను. ఎవరి స్నేహితురాలి పేరు వాళ్ళనే కలుపుకోమంటాను.

ఇది చదివే మీకు కూడా ఆ పాట కావాలంటే మా ఇంటికి రండి. తలుపు తీసే ఉంటుంది.

పోయిరా అక్కా. నీ దేవుడినీ అడిగాను, నా అల్లానీ అడిగాను. నీకు నెమ్మదినివ్వమని.