ముద్దు వెనకాల నిలబడ్డ మనిషి

తొంభైల్లో దోహా ఎయిర్‌పోర్టులో దిగితే మన వీడియో క్యాసెట్లు కస్టమ్స్ ఆఫీసర్లు తీసుకుని, కూడని సీన్లున్నాయేమోనని వేసి చూసిగానీ ఇచ్చేవారు కాదు. చెల్లెలి పెళ్లి క్యాసెట్ కోసం నేను బెంచీ మీద కూర్చున్నాను. పక్కన దోహాలోనే నర్సుగా పనిచేసే ఓ గోదావరి ఆవిడ, అద్దం అవతలి టీవీ మీంచి చూపు తిప్పడం లేదు. అందులో ఆవిడ తెచ్చుకున్న పాత హాలీవుడ్ సినిమా నడుస్తోంది.

"ముద్దు సీను చెరిపేస్తారేమో బాబూ."

"పోతే పోనివ్వండి, ఒక్క ముద్దేగా."

"ముద్దెవడిక్కావాలి? వెనకాల హీరోయిన్ స్నేహితురాలు నిలబడి చూస్తుంది. అదీ ఆ హీరోనే ప్రేమించింది. ఆ వేషం కట్టినావిడకెప్పుడూ ఇలాంటి చిన్న వేషాలే ఇచ్చారు. కానీ హీరోయిన్లంతా ఒకెత్తు, ఆవిడొక్కతీ ఒకెత్తు."

తెర మీద హీరో వంగాడు. ఆఫీసరు టేపు ఆపాడు. ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆఫీసరు వెనక్కి తిప్పి ఆ ముక్క చెరిపేశాడు.

ఆవిడ క్యాసెట్ చేతికొచ్చాక అడిగాను, "ఇంతకీ వెనకాల ఆ స్నేహితురాలేం చేస్తుందండీ?"

ఆవిడ లేచి నిలబడి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు చూసి, దీవిస్తున్నట్టు నవ్వింది. వేళ్లు మాత్రం హ్యాండ్‌బ్యాగు పట్టీని పిండేస్తున్నాయి.

ఆ సినిమా నేనిప్పటికీ చూడలేదు. ఆ నటి పేరు అడగనే లేదు. ముఖం మాత్రం నాకు తెలుసు.