ఉప్పలమ్మ ఉమ్మి

తర్లగూడ ఊళ్ళో ఉండే ఉప్పలమ్మ వయసెంతో ఆమెకే తెలియదు. ఆధార్ కార్డు అరవై ఆరంటుంది, ఆమె నమ్మదు. "నేను పుట్టిననాడు ఆ కార్డు రాసినోడు మా గుడిసెల ఉన్నడా?" అంటుంది. ఆమె నమ్మనివి ఇంకా చాలా ఉన్నాయి. గోదావరి దాటి మిరప ఏరడానికి పోతే మేస్త్రీ డ్రమ్ములో నీళ్ళు తాగదు, చెలమ వెతుక్కుంటుంది. సంతలో షావుకారు ఇప్పపూలు తూస్తే బస్తా దించి మళ్ళీ తూయమంటుంది. మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకును సాకి, చెలక దున్నించుకుని, ఆ అనుమానాన్నే అండగా పెట్టుకుని బతికింది.

ఈ వయసులోనూ ఆమె నోట్లో ఒక్క పన్నూ ఊడలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది గుడాకుతో పళ్ళు రుద్దుతారు. పొగాకు, బెల్లం కలిపిన ఆ నల్లటి ముద్ద చిన్న డబ్బాల్లో సంతలో దొరుకుతుంది. రుద్దిన కాసేపు తల తిమ్మిరెక్కి ఒళ్ళు తేలికవుతుంది. కోడలు ముయెకి రోజుకు నాలుగుసార్లు అది పడాల్సిందే. ఉప్పలమ్మ మాత్రం ఏనాడూ ముట్టలేదు. డబ్బాలో ఏం కలిపి మూత పెట్టారో ఎవరు చూడొచ్చారు? పొద్దున్నే కానుగ పుల్ల నమిలి ఊసేది, పులిసిన జావ తాగి పనికి పోయేది.

కిందటి చలికాలంలో బడి వరండాలో పళ్ళ శిబిరం పెట్టారు. ముయె చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతోందని ఉప్పలమ్మ తోడు వెళ్ళింది. ముయె నోరు చూస్తున్న డాక్టరమ్మ పేరు సుధారాణి. ముప్పై ఏళ్ళుంటాయేమో. గుడాకు మానమని, భోపాలపట్నం ఆసుపత్రికి వచ్చి పళ్ళు శుభ్రం చేయించుకోమని ముయెకి చెప్పి, పక్కనున్న అత్త వైపు చూసి ఆగిపోయింది.

"అమ్మా, మీరొకసారి నోరు తెరుస్తారా?"

"నాకేం రోగం లేదు."

"అందుకేనమ్మా అడుగుతున్నాను. మీ ఉమ్మి కాస్త ఈ గొట్టంలో ఇస్తే మా కాలేజీకి పరీక్షకు తీసుకెళతాను."

"ఏందీ? ఉమ్మా?"

ఉప్పలమ్మ ముయె చెయ్యి పట్టుకుని లేచింది. మనిషి ఉమ్మి, గోరు, వెంట్రుక పరాయి చేతిలో పడితే ఏమవుతుందో చిన్నప్పటి నుంచి ఆమె విన్నదే. కానీ ఆమె భయం ఒక్క చేతబడి గురించే కాదు.

"నాలుగేండ్ల కింద గిట్లనే కోట్లేసుకోని వచ్చిండ్రు. మా అందరి రక్తం గుంజుకపోయిండ్రు. ఏం తేలిందో ఇయ్యాల్టిదాంక చెప్పినోడు లేడు. ఇప్పుడు ఉమ్మి గావాలె. రేపు ఏం అడుగుతరు?"

సుధారాణి తన నాన్నగారు కిరండూల్ గనిలో పనిచేశారని, తానూ ఈ ప్రాంతంలోనే పుట్టానని చెప్పుకుంది. 'గారు' తగిలించి మాట్లాడే ఆ తెలుగు విని ఉప్పలమ్మకు అనుమానం ఇంకాస్త పెరిగింది. తీపిగా మాట్లాడేవాళ్ళకు మనతో ఏదో పని ఉంటుందని ఆమె లెక్క.

"మీరు జావ కలిపి కుండలో పెడితే తెల్లారేసరికి పులుస్తుంది కదా," అంది సుధారాణి. "దాన్ని పులిపించేది కంటికి కనపడని పురుగులే. అలాంటివి నోట్లోనూ ఉంటాయి. పళ్ళు తినేసే చెడ్డవీ ఉంటాయి, వాటిని పెరగనీయని మంచివీ ఉంటాయి. మీ నోట్లో ఏవి కాపలా కాస్తున్నాయో చూడాలి."

"జావ తాగితే వస్తయా?"

"తెలీదమ్మా. జావ వల్లో, పుల్ల వల్లో, గుడాకు ముట్టకపోవడం వల్లో. తెలిస్తే మిమ్మల్ని అడిగేదాన్నే కాదు."

'తెలీదు' అన్న మాట కోటేసుకున్న మనిషి నోట ఉప్పలమ్మ మొదటిసారి వింది. ముయె చెయ్యి వదిలేసింది.

"సరే. ముందు నీ ఉమ్మి నాకియ్యి. నాకేమన్న అయితే నీది నా దగ్గరుంటది."

వరండాలో జనం గొల్లున నవ్వారు. సుధారాణి నవ్వలేదు. ఇంకో గొట్టం తీసి, అందరి ముందూ ఉమ్మి, మూత బిగించి ఇచ్చింది. దాని మీద తన పేరు, ఫోను నంబరు రాసింది. అప్పుడు ఉప్పలమ్మ రెండో గొట్టం అందుకుని ఉమ్మి ఇచ్చింది. ఆమెను చూసి ఊళ్ళో ఇంకొందరూ ఇచ్చారు.

చలికాలం పోయింది. కబురు లేదు. ఇప్పపూలు రాలే రోజుల్లో ఒక తెల్ల కారు వచ్చి ఊళ్ళో ఆగింది. దిగినవాడు శిబిరంలో ఉమ్మి ఇచ్చిన వాళ్ళ పేర్లన్నీ వరసగా చదివాడు. తలా ఒక డబ్బా చప్పరింపు బిళ్ళలు పంచాడు. నోటికి మంచి చేసే పురుగులు వాటిలో ప్రాణంతో ఉన్నాయన్నాడు. ఇంకోసారి ఉమ్మి కావాలని, కాగితం మీద అంగూఠా, అంటే వేలిముద్ర, వేయమని అడిగాడు. అతను ఉప్పలమ్మ గుమ్మం దాకా వచ్చేసరికి పదకొండు మంది వేసేశారు.

"డాక్టరమ్మ యాడ?"

"ఆమే పంపింది."

ఉప్పలమ్మ బిళ్ళల డబ్బా పట్టుకుని చూసింది. ఎండలో కారులో ఉండి ఉండి, కాలిపోతోంది. "గింత ఎండకు మేమే బతకలేకపోతున్నం, అండ్ల పురుగులు బతికే ఉన్నయా?" అని తిరిగి ఇచ్చేసింది. ఎనిమిది చదివిన ముయె కాగితం తీసుకుని ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ చదివింది.

"అత్తా, నీ ఉమ్మిల పురుగులతోని వాళ్ళ కంపెనీ ఏం జేసుకున్నా మనం అడగొద్దంట."

"ఆమెకు ఫోన్ గొట్టు."

ముయె గొట్టం మీది నంబరుకు ఫోన్ చేసింది. జరిగింది విని అవతల నుంచి సుధారాణి, "నేనెవర్నీ పంపలేదు. వేలిముద్ర వేయకండి," అంది. ఆ మాట బయటికి వినపడగానే కారు మనిషి కాగితాలన్నీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఎనిమిదో రోజున సుధారాణి ఒక్కతే బస్సు దిగి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. పేర్ల జాబితా తమ కాలేజీ నుంచే ఎవరో బయటికి ఇచ్చారని, ఫిర్యాదు చేశానని, ఆ పదకొండు కాగితాలు మాత్రం ఇంకా దొరకలేదని చెప్పింది. తన తప్పు లేదని ఎక్కడా అనలేదు.

"నాది నాకియ్యి," అంది ఉప్పలమ్మ.

సుధారాణి తనతో తెచ్చిన మంచు డబ్బా తెరిచి, సగం ఉమ్మి మిగిలిన గొట్టం ఇచ్చింది. ఉప్పలమ్మ దాన్ని పొయ్యిలో బూడిద మీద ఒంపి నీళ్ళు చల్లింది. ఇంటి చూరులో తాను దాచి ఉంచిన సుధారాణి గొట్టం తీసి ఆమెకే తిరిగి ఇచ్చేసింది. ఆ తర్వాత ఉప్పలమ్మ కానుగ పుల్ల నోట్లో పెట్టుకుంది, ఇద్దరూ వాకిట్లో కూర్చున్నారు. ముయె నీళ్ళు తెచ్చింది. ఆమె గుడాకు రోజుకు ఒక్కసారికి వచ్చింది, చిగుళ్ళు ఇంకా పూర్తిగా నయం కాలేదు.

"ఏం తేలింది అండ్ల?" అడిగింది ఉప్పలమ్మ, ఎటో చూస్తూ.

"మంచివి చాలా ఉన్నాయి. మేం చూసిన వాళ్ళలో మీకే ఎక్కువ. ఎందుకో ఇంకా తేలలేదు." సుధారాణి మెల్లగా అంది: "కానీ కుడిపక్క లోపలి పన్ను నొప్పి పుడుతోంది కదా మీకు?"

ఉప్పలమ్మ ఉలిక్కిపడింది. నెల రోజులుగా నొప్పి. ముయెకి కూడా చెప్పలేదు.

"ఉమ్మి చెప్పిందా?"

"లేదమ్మా. ఇందాకటి నుంచి మీరు ఆ పుల్లను ఎడమ పక్కనే నములుతున్నారు."

ఉప్పలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. చేతులు చూపించమంది. వేళ్ళు, గోళ్ళు తిప్పి తిప్పి చూసి, కడుక్కుని రమ్మంది. సుధారాణి కడుక్కుని వచ్చేదాకా ఆగి, నోట్లో పుల్ల ఊసేసి, పొద్దు వైపు తిరిగి నోరు తెరిచింది.