ముందే రాసి ఉన్న పేజీ

నాన్న చేను నా పేరుకు మార్పించుకోవడానికి ఈరోజు రిజిస్ట్రారాఫీసుకు వెళ్ళాను. అక్కడి స్టాంపు ప్యాడ్ వాసనకి చిన్నప్పటి సంగతొకటి గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

నా ఐదో క్లాసు పుస్తకం మొదటి పేజీలో రాజ్యాంగ పీఠిక ఉండేది. ‘ప్రజలమైన మేము’ అని ఉంది కాబట్టి, ప్రజలంతా సంతకం పెడితేనే అది చెల్లుతుందనుకున్నాను. నాన్న బల్ల మీది స్టాంపు ప్యాడ్ తీసుకుని, మా చేను కౌలుకు చేసే సత్తియ్య దగ్గరికి వెళ్ళాను. కాలవలో కాళ్ళు కడుక్కుంటున్నాడు.

“నాన్నగారు పంపించారాండి?” అన్నాడు.

పంపకపోయినా అవునని తలూపాను. అదేంటని అడగలేదు. తడి చెయ్యి పంచెకి తుడుచుకుని, పీఠిక కింద వేలిముద్ర వేశాడు.

“ఇంకెక్కడన్నా వెయ్యాలాండి, అమ్మాయిగారూ?”

గర్వంగా తెచ్చి నాన్నకు చూపించాను. ఆయన ఆ పేజీ చింపేశారు.

“వాడి వేలిముద్రలు మన బీరువాలో చాలా ఉన్నాయి. పుస్తకాలు పాడుచెయ్యకు.”

నాన్న పోయాక ఆ బీరువా తెరిచాను. సత్తియ్య ఎప్పుడైనా కౌలు హక్కు అడిగితే, కావలసింది రాసుకుని అడ్డం పెట్టడానికి, వేలిముద్ర వేయించి దాచిన తెల్లకాగితాలు కట్టగా ఉన్నాయి. ఒక్కదాని మీదా అక్షరం లేదు.

సత్తియ్య వేలిముద్ర వేసిన వాటిలో ముందే రాసి ఉన్నది నా పుస్తకంలోని పేజీ ఒక్కటే. మా నాన్న చింపింది దాన్నే.