రెండో మనిషిని పిలిచిన న్యాయనిర్ణేత

విశ్రాంత గణితోపాధ్యాయిని శ్రీమతి ఎస్తేరు రత్నమ్మగారు గడచిన ఆదివారం ప్రాతఃకాలాన చీపురుపల్లిలోని స్వగృహంలో హృద్రోగంతో కన్నుమూశారు. గజపతినగరంలో ఉన్న నాకు ఆ వార్తను ఆమె చెల్లెలు కరుణమ్మ ఫోనులో వినిపించింది. "అక్క పోనాది మేస్టారూ" అన్నది. జీవితమంతా ఆంధ్రభాషా బోధనలో గడిపిన నా నోట "ఏటీ?" అన్న ఒక్క పలుకు తప్ప మరొకటి వెలువడలేదు. ఆమె చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. నేను అడిగిన మాటే మళ్లీ అడిగాను. చేతిలోని కాఫీ గ్లాసు ఎప్పుడు చల్లారిందో, ఎవరు తీసుకొనిపోయారో ఎరుగను.

ఆమెను ఎరిగినవారికి ఆమె గుణగణాలను నేను కీర్తించనక్కరలేదు. ఎరుగనివారికి మాత్రం రెండు సంగతులు తెలియాలి. ఆమె ఎంతటి ధర్మబుద్ధితో తీర్పు చెప్పేవారన్నది మొదటిది. ఆ ధర్మబుద్ధిపై బురద చల్లిన పెద్దమనిషి ఒకరు ఇప్పటికీ నిశ్చింతగా తీర్పులు చెబుతూ తిరుగుతున్నారన్నది రెండవది. మొదటిదానిని భక్తితో రాస్తున్నాను. రెండవదానిని పగతో రాస్తున్నాను. దాచను.

మేమిరువురం ఇరవై ఏడేళ్లు ఒకే పాఠశాలలో, ఒకే ఉపాధ్యాయుల గదిలో, ఎదురెదురు బల్లల వద్ద కూర్చున్నాము. ఆమెది బాప్టిస్టు సంఘానికి చెందిన కుటుంబం. తండ్రిగారు చోళ్లు పండించిన మెట్టరైతు. తరగతిలో ఆమె పాఠ్యపుస్తకపు భాషనే పలికేవారు. మనసు కదిలినప్పుడు మాత్రం ఇంటి భాష గట్టు తెంచుకొని వచ్చేది. అది వచ్చిందంటే ఎదుటివారు జాగ్రత్తపడవలసిందే.

ఒక పరీక్షలో ఒక విద్యార్థి లెక్కను ఎవరూ నేర్పని విచిత్రమార్గాన చేసి సరియైన సమాధానానికి చేరాడు. కాకతాళీయమని, సున్నా వేయవచ్చునని సహోపాధ్యాయులందరమూ అన్నాము. ఆమె మధ్యాహ్న భోజనం మాని, సుద్దముక్క పుచ్చుకొని, ఖాళీ తరగతి గదిలో నల్లబల్లపై ఆ మార్గాన్నే అనుసరించి గంటసేపు లెక్క చేశారు. తుదకు సున్నాయే వేశారు. "ఈ శ్రమ దేనికండీ?" అని అడిగాను. "ఆ దారంట నాను నడిసి సూడకుండా అది దారి కాదని ఎలా సెప్తాను మేస్టారూ? సున్నా అయితే సున్నాయే. గాని నడిసొచ్చిన సున్నా ఏరు" అన్నారు. మరునాడు ఆ పిల్లవాణ్ణి పిలిచి, దారి ఎక్కడ తప్పిందో చూపించారు. వాడు సున్నాను ఆశీర్వచనంలా స్వీకరించి వెళ్లాడు.

మరొకసారి వక్తృత్వపు పోటీకి మేమిరువురం నిర్ణేతలము. ఒక బాలుడు దీర్ఘసమాసంతో ఉపన్యాసం ఆరంభించాడు. నా హృదయం కరిగి, వాడు రెండవ వాక్యంలో ఉండగానే అంకె వేసివేశాను. ఆమె నా కాగితం వైపు వంగి, "అప్పుడే ఏసీసినారేటి? ఇంకా మాటాడతన్నాడు కదా!" అన్నారు.

"అన్నం ఉడికినదీ లేనిదీ ఒక్క మెతుకు చాలదా?" అన్నాను.

"కుండెడూ ఒకే రకం బియ్యమైతే ఒక్క మెతుకు సాలును. ఈడు మనిషి."

నేను వేసిన అంకెను నేనే కొట్టివేశాను. అంతటి మనిషిని ఏ సందర్భాన అవమానించారో ఇక చెబుతాను.

విజయనగరానికి సమీపాన ఉన్న ఒక ఇంజనీరింగు కళాశాలలో రెండేళ్ల క్రితం గేమ్ జామ్ అనే పోటీ జరిగింది. విద్యార్థులు జట్లుగా కూర్చొని, రెండే రెండు రోజుల్లో, కంప్యూటరు మీద ఒక చిన్న ఆటను మొదటి నుంచి నిర్మించాలి. నిర్ణేతలు ముగ్గురు: నగరం నుంచి విచ్చేసిన నిపుణుడు, కళాశాల అధ్యాపకుడు, ఇట్టి ఆటలు ఎన్నడూ ఆడని సామాన్యుల పక్షాన రత్నమ్మగారు. ఆమెకు తోడుగా నేనూ రైలెక్కాను. నిపుణుడే ప్రధాన నిర్ణేత. ఆయన నామధేయాన్ని ఇక్కడ రాయను. ఈ వ్యాసంలో చోటిస్తే అది కూడా ఆయనకు సన్మానమే అవుతుంది.

ఆ పోటీలో 'ఉప్పుమడి' అనే ఇద్దరాట ఒకటి ఉన్నది. దానిని నిర్మించినవారు గౌరి, దానియేలు అనే సహాధ్యాయులు. గౌరి తల్లి నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసిన మనిషి. కంప్యూటరు తెర నడుమ నిలువునా ఒక అట్టను నిలబెట్టాలి. ఎడమవైపు కూర్చున్నవారికి సముద్రం మాత్రమే కనిపిస్తుంది. తూము తెరవడం, మూయడం వారి పని. కుడివైపు వారికి మడి మాత్రమే కనిపిస్తుంది. తేలిన ఉప్పును లాగి గట్టుకు చేర్చడం వారి పని. మడి ఎండిన సంగతి సముద్రం వైపు వారికి తెలియదు. తూము మూసినా పొర్లి ఉప్పును కరిగించే పోటు ఎప్పుడు వస్తుందో మడి వైపు వారికి తెలియదు. ఒకరికొకరు చెప్పుకోవాలి. ఆట సర్వస్వమూ ఆ చెప్పుకోవడంలోనే ఉన్నది.

ప్రధాన నిర్ణేత మాకంటే ముందే ఆ ఆటను పరీక్షించి వెళ్లారు. మేము చేరేసరికి అట్ట బల్లకాలికి ఆనించి ఉన్నది.

"ఇదేటమ్మా?" అని అడిగారు రత్నమ్మగారు.

"అది ఆటలోదేనండి. సార్‌కి అడ్డం వస్తాదని తీయించీసినారు" అన్నది గౌరి.

"మరి ఆయనతోటి రెండో పక్క ఎవులు ఆడినారు?"

"ఎవులూ నేదండి. రెండు సేతుల్తోనీ ఆయనొక్కరే ఆడీసినారు. ఇందులో ఏముందని ఎల్లిపోనారు."

రెండు వైపులా తానే చూస్తున్నవాడు ఎవరికి ఏమి చెప్పాలి? రత్నమ్మగారి ముఖం ఎర్రబడింది. "సెడుగుడు ఒక్కడే ఆడి, పట్టుకున్నోడు నేడని మార్కు కోసీసినట్టున్నాది!" అని, అట్టను తన చేతులతో యథాస్థానంలో నిలబెట్టి, "మేస్టారూ, ఇలా రండి. రెండో మనిషి కావాల" అని పిలిచారు.

సముద్రం నా పాలబడింది. "రత్నమ్మగారూ, సముద్రము ఉవ్వెత్తున పోటెత్తుచున్నది, తమరు లవణమును సత్వరమే..." అని నేను వాక్యం ముగించేలోపల ఆమె మడి మునిగిపోయింది.

"నా ఉప్పంతా కరిగిపోనాది! పోటు అని ఒక్క ముక్క సెప్పలేరేటి? మీ సమాసం అయ్యేవరకూ సముద్రం ఆగుతాదా?"

చుట్టూ మూగిన విద్యార్థులు గొల్లుమన్నారు. రెండవసారి సమాసాన్ని విడిచాను. మూడవసారి విశేషణాలను విడిచాను. అయిదవసారికి మా నడుమ పోటు, ఎండింది, ఆగు, తియ్యి అనే నాలుగు మాటలే మిగిలాయి. ఆ ఉద్రేకంలో, అన్నేళ్లూ 'తమరు' అని తప్ప సంబోధించని ఆ విదుషీమణిని నేను "లాగవే, బేగి లాగు!" అన్నాను. ఆమె తెర మీది చూపు తిప్పకుండా "లాగతన్నాన్రా! నువ్వు ముందు తూము ముయ్యి!" అన్నారు. గట్టు మీద తెల్లని కుప్ప లేచింది. ఆట ముగిసింది. ఏమన్నామో అప్పుడు గాని మాకు స్ఫురించలేదు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "ఇన్నేళ్లల్లో మనిద్దరం ఇలాగ ఎప్పుడైనా మాటాడుకున్నామేటి మేస్టారూ?" అన్నారు.

తీర్పు పత్రంలో ఆ ఆటకు ప్రథమస్థానం ఇచ్చి, కారణం రాయవలసిన గడిలో ఇట్లు రాశారు: "ఇద్దరం కూర్చుని అయిదుసార్లు ఆడాము. ఒకరి మాట ఒకరు వింటే తప్ప గెలవలేము."

సాయంకాలం బహుమతుల సభలో ప్రధాన నిర్ణేత మైకు అందుకొన్నారు. "ఉప్పుమడికి అమ్మగారు ఫస్ట్ ప్లేస్ ఇచ్చారు. అమ్మగారికి గేమ్స్ కొత్త. పైగా ఆ కుర్రాడిది వాళ్ల చర్చేనట. మనవాళ్ల మీద ప్రేమ సహజం కదండీ! వారి వయసుని గౌరవిస్తూ ఆ మార్కుల్ని మాత్రం పక్కన పెట్టాం" అన్నారు. సభ నవ్వింది. దానియేలు హాస్టళ్లలో పెరిగిన పిల్లవాడు. ఆమె అతణ్ణి అంతకు ముందు చూచి ఎరుగరు. అతడి కుటుంబం తమ సంఘంలోనిదని ఆమెకు తెలిసింది ఆ మైకు ద్వారానే. పత్రంలో ఆమె గడి మీద ఆయన అడ్డంగా ఒక గీత గీశారు. కళాశాల అధ్యాపకుడు తలవంచుకొని సంతకం చేశాడు.

తిరుగు రైలు కదిలిన తరువాత ఆమె అడిగారు. "మేస్టారూ, ఆ ఆట నిజింగా బాగున్నాదా? నేపోతే మన మాట మాటాడే పిల్లలని నాకే బాగున్నాదా? సత్తెం సెప్పండి."

"బాగున్నది రత్నమ్మగారూ."

"మీరు నా మొకం సూసి సెప్తన్నారు."

ఇదే ఆయన చేసిన నేరం. పిల్లలకు దక్కవలసిన బహుమతి మరెవరికో పోయింది. అది అన్యాయమే, కానీ పిల్లలు దానిని దాటి వెళ్లగలరు. డెబ్బై ఏళ్లు దాటిన నిష్కళంకురాలు తన త్రాసును తానే శంకించుకొనేటట్లు చేయడానికి ఏ ప్రాయశ్చిత్తం ఉన్నది? అటుపిమ్మట కలిసినప్పుడెల్లా ఆమె నన్ను అదే ప్రశ్న అడిగారు. ఏటేటా సంఘంలో పిల్లల బైబిలు పోటీకి ఆమే నిర్ణేత. ఆ సంవత్సరం పిలవడానికి వచ్చినవారితో "నా సెయ్యి నాకే నమ్మకం నేదు. ఇంకెవుల్నైనా పిలండి" అన్నారు.

కళాశాలకు మూడు ఉత్తరాలు రాశారు. మూడూ నాకు చదివి వినిపించి పోస్టు చేశారు. "నా మార్కులు కలపమని కోరడం లేదు. ఇద్దరిని కూర్చోబెట్టి, మధ్య అట్ట పెట్టి, ఒక్కసారి ఆడించి చూడండి. బాగులేదంటే నా తప్పు ఒప్పుకుంటాను." ఇంతకంటే మర్యాదగా న్యాయాన్ని అర్థించిన వాక్యాన్ని నేను చదవలేదు. ఒక్క ఉత్తరానికైనా జవాబు రాలేదు. జవాబు కోసం ఎదురుచూస్తూనే ఆమె వెళ్లిపోయారు.

భూస్థాపన జరిగిన మూడవనాడు సంఘమందిరంలో ఆమె స్మృత్యర్థం ఆదరణ కూడిక జరిగింది. కళాశాల తరఫున పూలదండతో, ఇప్పటికీ అక్కడి పోటీలకు తీర్పు చెప్పే ఆ ప్రధాన నిర్ణేతే వచ్చారు. మైకు తీసుకొని, ఆమె నిష్పాక్షికతకు ప్రతిరూపమని, ఆమెతో కలిసి తీర్పు చెప్పడం తన భాగ్యమని పలికారు. నా వంతు ఇంకా రాలేదు. అయినా లేచాను.

"ఉప్పుమడి అనే ఆటను మీరు ఆడినారా?" అని అడిగాను.

"ఆడానండి" అన్నారు, తడబడి.

"ఎవరితో ఆడినారు?"

"పెద్దాయనా, ఇది సమయం కాదండీ."

"ఎవరితో?"

మందిరమంతా ఆయన వైపు తిరిగింది. వెనుక వరుసలో గౌరి, దానియేలు లేచి నిలబడ్డారు. "ఒక్కడినే" అన్నారు ఆయన. మైకు ఆయన చేతిలోనే ఉండడం చేత ఆ మాట గోడలకు తగిలి మళ్లీ వినిపించింది.

"కళాశాలకు ఆమె రాసిన మూడు ఉత్తరాలు మీ దాకా వచ్చినవా?"

ఆయన కూర్చున్నారు. పాస్టరుగారు త్వరత్వరగా కీర్తన ఎత్తుకొన్నారు. ఆ క్షణాన నాకు కలిగిన తృప్తి పవిత్రమైనదని చెప్పను. ఆకలిగొన్నవాడి విస్తరిలో అన్నం పడినట్లు ఉన్నది.

వెలుపల కరుణమ్మ నా చేయి పట్టుకొన్నది. "అక్క ఉంటే ఒగ్గీమని అనును మేస్టారూ. ఆయన్ని సమించీమని అనును" అన్నది.

"అనును తల్లీ. ఆమె ఉండి ఆ మాట అంటే నేను విడిచిపెట్టేవాణ్ణే" అన్నాను.

కళాశాల కాగితంలో ఆ గీత నేటికీ అట్లే ఉన్నది. ఆయన ఒక్కడినేనని ఒప్పుకొన్నారు గాని, ఆమె పక్షపాతం చూపలేదని ఇంకా అనలేదు. ఆమెను పరిహసించిన ఆ వేదిక మీదనే, ఆ మాట అనేవరకు, ఆయన ఏ ఊర ఏ సభకు తీర్పు చెప్పడానికి వచ్చినా, నేను ముందు వరుసలో కూర్చొని ఎవరితో ఆడినారని అడుగుతూనే ఉంటాను. కాళ్లు సాగకుంటే ఉత్తరం రాసి అడుగుతాను.

ఇది రత్నమ్మగారికి సమ్మతం కాదని నేను ఎరుగుదును. నేను ఎవరిమీద ఆగ్రహించినా, ఎదురు బల్ల మీది నుంచి తల ఎత్తి, "ఇంక సాల్లెండి మేస్టారూ" అని ఒక్క మాటతో నన్ను కూర్చోబెట్టగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉండేవారు. ఆ ఒక్కరినీ చీపురుపల్లి మట్టిలో పడుకోబెట్టి వచ్చాము. ఆ ధర్మమూర్తికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇక నన్ను ఆపేవారు లేరు.