క్లీవ్‌లాండ్‌లో పాటలు, పక్కన ఖాళీ స్టూలు

ఈ బ్యాండ్ పేరు చెప్పినా మీలో చాలామంది విని ఉండరు, అందుకే చెప్పను. ముగ్గురు మనుషులు, ఒక పాత వ్యాన్, మూడు ఆల్బమ్‌లు, అంతే. ఎం.ఎస్. చదివే రోజుల్లో నేనూ, నా రూమ్మేట్ స్వప్నా శనివారం వంటంతా వాళ్ల పాటలు పెట్టుకునే చేసేవాళ్లం. వాటిలో ఒక పాట రాగానే స్వప్న కుక్కర్ మూత మీద గరిటెతో డ్రమ్ములు వాయించేది. ఇప్పుడు తను భర్తతో, ఇద్దరు పిల్లలతో క్లీవ్‌లాండ్ శివార్లలో ఉంటోంది. నేను పక్క రాష్ట్రం మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఒక్కదాన్నే ఉంటూ కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాసుకుంటున్నాను. బ్యాండ్ క్లీవ్‌లాండ్ వస్తోందని తెలియగానే రెండు టికెట్లు కొని, ఒకటి తనకు పంపాను. జవాబుగా బొటనవేలు బొమ్మ పెట్టింది. ఆ బొమ్మను నమ్ముకుని నెలరోజులు సంబరపడ్డాను.

ఆదివారం పదకొండున్నరకు బయల్దేరాను. ఐ-75 మీద టొలీడో దాకా వెళ్లి, అక్కడ ఒహాయో టర్న్‌పైక్ ఎక్కితే మొత్తం మూడు గంటల లోపు ప్రయాణం. టోల్ కట్టాలి. దారి పొడవునా మొక్కజొన్న చేలు తప్ప చూడటానికి ఏమీ లేదు కాబట్టి, దారి అందాల కోసం మాత్రం ఎవరూ ఇటు రాకండి. హాలు ఒకప్పుడు బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటశాల. నూట యాభై మంది పడితే గొప్ప. టికెట్ ఇరవై రెండు డాలర్లు, వీధిలో పార్కింగ్ ఉచితం. మూడింటికి తలుపులు తీస్తారు, నాలుగింటికి ఎవరో కొత్తవాళ్లు పాడతారు, అసలువాళ్లు వచ్చేది ఐదింటికి. వెనక వంటగదిలో బంగాళాదుంప పెట్టిన పీరోగీలు దొరుకుతాయి, మన కజ్జికాయను తీపి లేకుండా ఉడకబెట్టినట్టుంటాయి. మాంసం లేదని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను. ఇద్దరికా అని వంటామె అడిగితే, ప్రస్తుతానికి ఒకరికే అన్నాను.

అందరూ నిలబడే వినాలి. గోడవార మాత్రం నాలుగు స్టూళ్లు ఉన్నాయి. ఒకదాని మీద నేను కూర్చుని, పక్కదాని మీద, మన బస్సుల్లో కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు, నా స్కార్ఫ్ వేశాను. ఈ చట్టం అమెరికాలో చెల్లదు. ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతూనే ఉన్నారు. స్నేహితురాలు కారు పార్కింగ్ చేస్తోందని అందరికీ అదే అబద్ధం చెప్పాను.

కొత్తవాళ్లు దిగిపోతుండగా స్వప్న ఫోన్ చేసింది. "ఎక్కడున్నావే? గుత్తివంకాయ చేశాను. ఇంకో రెండు ఫ్యామిలీస్‌ని కూడా డిన్నర్‌కి ఇన్వైట్ చేశాను, త్వరగా వచ్చేయ్."

నేను హాల్లో ఉన్నాను, నువ్వెక్కడ అన్నాను.

"నిజంగా పాటల కోసమే వచ్చావా? మమ్మల్ని చూడ్డానికి అదో వంక అనుకున్నానే."

ముందు కోపం వచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. తను అన్నదాంట్లో సగం నిజం. అక్కడ స్వప్న లేకపోతే నేను అంత దూరం వచ్చేదాన్నే కాదు. షో అయ్యాక వస్తానన్నాను. రేపు పిల్లలకు స్కూల్, ఆరింటికల్లా తినేస్తాం అంది. తన ఇల్లు అక్కడికి నలభై నిమిషాలు. వెళ్లలేదు. అలిగాననే అనుకోండి.

స్కార్ఫ్ తీసి, చెవుల్లో దూది పెట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయనకు ఆ స్టూలు ఇచ్చాను. మూడో పాటకు ఆయన గురక మొదలైంది. మా కుక్కర్ మూత పాట వాయించే ముందు గాయని గిటార్ సవరించుకుంటూ, అందరికన్నా దూరం నుంచి వచ్చిందెవరని అడిగింది. చెయ్యెత్తి మిషిగన్ అన్నాను. ఫుట్‌బాల్ దగ్గర మిషిగన్‌కూ, క్లీవ్‌లాండ్ ఉన్న ఒహాయోకూ ఉప్పూ నిప్పూ. హాలంతా నవ్వుతూ నన్ను గేలి చేసింది. ఎవరితో వచ్చావని ఆమె మళ్లీ అడిగింది.

"ఒక్కదాన్నే," అన్నాను.

ఈసారి ఎవరూ గోల చేయలేదు. పాట మొదలైంది. పెద్దాయన నిద్ర చెడకుండా మెల్లగా, మొదటి నుంచి చివరిదాకా పాడుకున్నాను.

వెలుతురు ఉండగానే తిరిగి బయల్దేరాను. టొలీడో దగ్గర కాఫీకి ఆగితే స్వప్న మెసేజ్ కనబడింది, ఆ పాట వాయించారా అని. వాయించారని రాశాను. నువ్వు ఉండాల్సింది అని కూడా రాసి, చెరిపేశాను. తనమీద కోపం దారిలోనే పోయింది, దిగులు మాత్రం ఇంటిదాకా వచ్చింది. మీరూ ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే నా సలహా ఒక్కటే: పాట వినాలనుంటే ఒక్క టికెట్టే కొనండి; మనిషిని చూడాలనుంటే టికెట్ మాటే ఎత్తకుండా, నిన్ను చూడటానికే వస్తున్నానని ఫోన్ చేసి చెప్పండి. నేను ఆ మాట చెప్పలేకే టికెట్ పంపాను.