నూనెలో మిగిలే గ్యాసు

ప్రొద్దుటూరులో మధ్యాహ్నం పని పలచబడ్డాక నేను గ్రంథాలయానికి పోయేవాణ్ని. పదో తరగతితో బడి మానేసిన నాకు ఇంగ్లీషు అక్కడే వచ్చింది. ఒక పక్క పుస్తకం, ఇంకో పక్క నిఘంటువు. ఒక వేసవిలో ఫ్రిజ్ రిపేరు చేసేవాళ్లు పాటించాల్సిన భద్రతా ప్రమాణాల పుస్తకం దొరికింది. వెనక అతికించిన కాగితం మీద ఒక్క తేదీ ముద్ర కూడా లేదు. ఊళ్లో దాన్ని చదువుతున్న మొదటివాణ్ని నేనేనని శానా రోజులు గర్వపడ్డాను.

ఫ్రిజ్‌ల షాపు మా ఇద్దరిది. రెండో ఆయన నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. కువైట్‌లో ఏసీ పని చేసి వచ్చి, నాకు వెల్డింగ్ టార్చి పట్టుకోవడం నేర్పాడు. చుట్టరికం లేకపోయినా మామా అనేవాణ్ని. నాకు పెళ్లి కాలేదు, ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆయన ఇంటి నుంచి వచ్చే క్యారియర్‌లోనే ఇద్దరం తినేవాళ్లం. రోజుకు నాలుగు మాటలు నాతో మాట్లాడే మనిషి ఆయన ఒక్కడే.

పాత ఫ్రిజ్‌లలో గ్యాసు మండేది కాదు. కొత్తవాటిలో ఉండేది వంట గ్యాసుకు తమ్ముడిలాంటిది. మా పనిలో ఫ్రిజ్ చల్లబడకపోతే ‘గ్యాసు అయిపోయింది’ అంటాం. అంటే ఖాళీ అని లెక్క. నేరుగా పైపు కోసి, అతకడానికి మంట పెట్టేస్తాం. పుస్తకం ఆ మాటే తప్పంది. గ్యాసు కారిపోయినా కొంత కంప్రెసర్ నూనెలో కలిసి మిగులుతుంది, వేడి తగిలితే పైకి వస్తుంది. అందుకే ఫ్రిజ్‌ను గాలి ఆడే చోటికి తేవాలి. మిగిలినదాన్ని పంపుతో లాగేసి, లోపలికి మండని నైట్రోజన్ పంపి, ఆ తర్వాతే టార్చి వెలిగించాలి. ఇవన్నీ అన్నం తినేటప్పుడు ఆయనకు చెప్పాను.

“నూనెలో గ్యాసేందప్పా, సాంబార్లో ముక్క మాదిరా?” అన్నాడు.

“సోడాలో మాదిరి మామా. కంటికి కనపడదు, కదిపితే వస్తాది.”

“శానా చదివినావులే. మా కువైట్ సేటు గూడా ఇన్ని చెప్పల్యా. ముద్ద ఆరిపోతాంది, తిను.”

ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత ఒకరోజు జమ్మలమడుగులో ఒక టీచరమ్మ ఇంటికి ఆటోలో సామానంతా వేసుకుని పోయాం. ఇరుకు వంటగది, కోతుల భయానికి కిటికీని రేకుతో మూసేశారు. ఫ్రిజ్ వెనక పసుపు ముక్కోణంలో మంట బొమ్మ ఉంది, అంటే లోపలుండేది మండే గ్యాసు.

“వాకిట్లోకి ఎత్తుకుందాం మామా,” అన్నాను.

“గ్యాసు పోయి నెలయిందంట. ఖాళీ ఫ్రిజ్‌కు భయమేంది?”

“ఖాళీ కాదు మామా, నూనెలో ఉంటాది.”

టీచరమ్మ నవ్వింది. “ఏందప్పా, మీ శిష్యుడు మీకే పాఠం చెప్తాండాడే!”

ఆయన ముఖం ముడుచుకుంది. టార్చి వెలిగించాడు. నేను చెయ్యి చాచి దాని మర తిప్పి ఆర్పేశాను. మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఆర్పాను. టార్చిని నేల మీద పెట్టి, ఫ్రిజ్‌కు అటువైపు వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరం వాకిట్లోకి మోశాం. పుస్తకంలో ఉన్నట్టే అంతా చేశాం. మంట లేవలేదు, చప్పుడు రాలేదు. నేను చెప్పింది నిజమని చూపడానికి ఒక్క గుర్తూ లేదు. ఫ్రిజ్ చల్లబడింది. టీచరమ్మ మజ్జిగ ఇస్తే ఆయన వద్దన్నాడు.

మరుసటి రోజు నుంచి ఇంటికి పోయి తిని వచ్చేవాడు. పని మాట తప్ప ఇంకో మాట లేదు. నెల తిరక్కుండానే పులివెందులలో బావమరిది షాపుకు మారిపోయాడు.

రెండు వారాలు బిగబట్టి, ఆపైన పులివెందుల బస్సెక్కాను. షాపు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

“యాడికొచ్చినావు?”

“నీకోసమే మామా. ఆ పొద్దు జమ్మలమడుగులో...”

“పుస్తకం తప్పని నేనన్నానా? నన్ను వాకిట్లోకి పిల్చి ఆ మాట చెప్పింటే నీ సొమ్మేం పోయేది? ఆ యమ్మ ముందర నా చేతిలో మంట ఆర్పినావు.”

నిజమే. నీళ్లు తాగొద్దామనో, సామాను మరిచిపోయామనో పిలిచి ఉండవచ్చు. నాకు అప్పుడు పుస్తకమే గుర్తుంది.

“తప్పే మామా. మళ్లా వస్తావా?”

“ఈడ పని శానా ఉంది. అన్నం తిని పో.”

బావమరిది ఇంట్లో తిన్నాను. ఆయన తినేశానన్నాడు. బస్టాండు దాకా రాలేదు.

ఇప్పుడు షాపు నేనొక్కణ్నే నడుపుతున్నాను. మంట పని ఉంటే ఫ్రిజ్‌ను బయటికి తేవడం మాత్రం మానలేదు. కింద గోతాం వేసి, చిన్నగా ఈడ్చుకుంటూ వస్తాను. గడప దగ్గర ఎత్తాలి, అక్కడ ఇంటివాళ్లను సాయం అడుగుతాను.

“ఇద్దరు చేసే పని కదప్పా ఇది, ఒక్కనివే వచ్చినావే?” అంటారు.

ఇంకో ఆయన పులివెందులకు పోయాడని చెబుతాను.