నీళ్లాగిన ఇంజను దగ్గర నా వణుకు తీసిన దేవుడు

సహోదరులారా, ఈ చేతులు అన్నం ముద్దను కూడా నోటిదాకా తేలేక వణికిన కాలం ఒకటి ఉండింది. అది జ్వరం కాదు, తాగుడు కాదు, ఒట్టి భయం. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో ఇంజను నడిపేవాణ్ణి నేను, పొద్దున లేచి ఆ ఇంజను దగ్గరికి పోవాలంటే వాకిట్లోనే నిలబడిపోయేవాణ్ణి, పోకుంటే ఇల్లు గడవదు, పోతే గుండె నిలవదు, ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు బతికినాను.

ఆ ఇంజను సంగతి మీకు కొంచెం చెప్పాల. యుద్ధం రోజులు, కొత్త ఇంజను ఎక్కడా దొరకదు, మా సావుకారు మద్రాసు రేవులో పడవకు వాడిన పాత ఇంజనును రైల్లో తెప్పించి మిల్లులో బిగించినాడు. సముద్రం మీద ఉన్నన్నాళ్లు దానికి నీళ్లకేం కొదవ! కిందినుంచి చల్లటి నీళ్లు పీల్చి, సిలిండరు చుట్టూ తిప్పుకుని, వేడెక్కిన నీళ్లను మళ్లీ సముద్రంలోకే వదిలేది. మా కరువు సీమలో దానికి సముద్రాన్ని ఎవరు తెస్తారు? సిమెంటు తొట్టి కట్టి, బావినీళ్లు నింపి, ఆ నీళ్లనే తిప్పి తిప్పి తాపినాము. మావి చవుడు నీళ్లు, లోపలంతా సున్నం మాదిరి పొర కడతాయి, అప్పుడప్పుడు మూతలు విప్పి గీకి తీయాల. పైగా మిల్లు గాలి నిండా దూది పింజలే, అవి తొట్టిలో పడి నీళ్లతోపాటు ఇంజను లోపలికి పోకుండా, తొట్టిలో నీళ్లు పీల్చే గొట్టం మూతికి గుడ్డ కట్టేది మా అలవాటు, ఇంట్లో కడవలోకి నీళ్లు వడగట్టుకుంటాము చూడండి, అట్లనే.

నాకంటే ముందు ఆ ఇంజను మా అన్న రత్నం చేతిలో ఉండింది. ఒకనాడు నీళ్లు ఆగి అది కాగిపోతుంటే, నీళ్లు పొయ్యి, నీళ్లు పొయ్యి అని చుట్టూ ఉన్నోళ్లు అరుస్తుంటే, అన్న కంగారులో బకెట్టు చన్నీళ్లు దానిమీద పోసినాడు, పైమూత పెటిల్లున పగిలి లోపలి సలసల కాగే నీళ్లు అన్న ముఖాన కొట్టినాయి. రెండు కండ్లూ పోయినాయి, సహోదరులారా! ఆనాటి నుంచి అన్న సంఘానికి రాలేదు, ఇంట్లో మేము ప్రార్థనకు మోకరిస్తే గోడ పట్టుకుని బయటికి పోయేవాడు. నా కండ్లు పోతాంటే మీ దేవుడు యాడుండె అని ఒకసారి అడిగినాడు.

మూత మార్చి, ఆ ఇంజనును నాకు అప్పగించినారు. అన్న సంసారాన్నీ నా సంసారాన్నీ అదే సాకాల. దాని గొట్టం మీద చెయ్యి పెడితే చాలు నాకు అన్న కేక వినపడేది, చేతులు వణికేవి. దిష్టి తీసినారు, కషాయాలు తాపినారు, ఉపవాసముండి ప్రార్థన చేసినాను, వణుకు మాత్రం పోలేదు.

నా భార్య శాంతమ్మది ఈ ఎమ్మిగనూరే, మగ్గాల ఇల్లు. నా అవస్థ చూడలేక, పుట్టింటికి వచ్చినప్పుడు మగ్గం మీదనుంచి అప్పుడే కోసిన గుడ్డ తెచ్చి, పాతది చిల్లులు పడింది, ఇది కట్టు, దూది పోగు కూడా దూరదు అని నా చేతిలో పెట్టింది. ప్రేమతో ఇచ్చింది, నేనూ ప్రేమగానే కట్టినాను. మగ్గం దిగిన గుడ్డకు పోగుపోగునా గంజి ఉంటుందని నేతింటి ఆడబిడ్డకే తట్టలేదు, నాకేం తడుతుంది! తొట్టిలో వెచ్చటి నీళ్లకు ఆ గంజి నాని, ఉబ్బి, బంకైపోయి, ఆ బంకకు దూదంతా అతుక్కుని గొట్టం మూతి మూసుకపోయింది.

మిట్టమధ్యాహ్నం, మిల్లు నిండా మనుషులు, గోడ అవతల గింజలు తీసే జిన్నుల దగ్గర ఆడవాళ్లు పత్తి వేస్తున్నారు. బయటికి పడే నీళ్లధార సన్నబడింది, చుక్కలైంది, ఆగిపోయింది, ఇంజను పైన ఆవిరి బుసకొట్టింది. కొత్తగా వచ్చిన మేస్త్రీ బకెట్టు ముంచుకుని ఉరికినాడు. వద్దని అడ్డం పోవాల్సినవాణ్ణి వెనక్కి జరిగినాను. ఏం చేయాలో అంతా తెలుసు, కాళ్లు వాకిలి వైపు లాగుతున్నాయి.

అప్పుడు వాకిట్లో అన్న గొంతు వినపడింది. మా ఇల్లు ఇంజను గదిని ఆనుకునే ఉంది, శబ్దం మారిందని ఆయనకు తెలిసిపోయింది, కండ్లు పోయినాక ఆ గదిలో అడుగుపెట్టనోడు గోడ తడుముకుంటూ వచ్చినాడు.

"ఆ నీళ్లు కింద పెట్టప్పా. పోసినావంటే నీ ముఖమూ నా ముఖం మాదిరే అయితాది" అన్నాడు మేస్త్రీతో. తర్వాత నావైపు తిరిగి, "జిన్నుల బెల్టు దించురా. ఇంజను నిలపొద్దు, నిలిపితే బిగుసుకపోతాది, మెల్లగ తిరగనీ. నేనీడనే ఉండా" అన్నాడు.

ప్రభువా, నాకు ధైర్యం ఇయ్యకున్నా పర్వాలేదు, ఈ చేతులు పనిచేసేంతవరకు పట్టుకో అని ప్రార్థించినాను. బెల్టు దించినాను, నీళ్లు పోయే వాల్వు మూసినాను, తొట్టిలోకి వంగి ఆ గుడ్డను కోసి పారేసినాను. ఇక అసలు గండం మిగిలింది. కాగిన ఇనుములోకి చల్లటి నీళ్లు ఒక్కసారిగా పోతే మళ్లీ మూత పగులుతుంది, అందుకని వాల్వును వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పాల, అన్న ముఖాన్ని కాల్చిన ఆ మూతకు ఎదురుగా ముఖం పెట్టి నిలబడాల. ఇనుము చిటచిటమంటుంది, గొట్టం అదురుతుంది. అన్న తడుముకుంటూ వచ్చి నా చేతిమీద తన చెయ్యి వేసినాడు. చెయ్యి వణుకుతుంది. నాదే అనుకున్నాను, చూస్తే నాది కాదు, నా చెయ్యి రాయి మాదిరి నిలబడి ఉంది, వణికేది అన్న చెయ్యి. ఆ చెయ్యి తీయకుండానే, ఎవరికీ వినపడనంత మెల్లగ అన్న అన్నాడు, "యేసయ్యా, వీని కండ్లన్నా కాపాడు."

సహోదరులారా, కండ్లు పోయినప్పటి నుంచి అన్న నోట వచ్చిన మొదటి ప్రార్థన అది! కొంతసేపటికి గొట్టంలోంచి ఆవిరి, ఆవిరి వెంబడి మరిగే నీళ్లు, చివరికి వెచ్చటి నీళ్లు ధారగా వచ్చినాయి. మూత పగల్లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. శాంతమ్మ ఆ బంక గుడ్డను చూసి ఏడిస్తే, కొత్త గుడ్డ ఉతికి కట్టాలని నాకూ తట్టేది కాదులేమ్మా అని అన్నే ఓదార్చినాడు. ఆ దినం నుంచి నా చేతులు వణకలేదు. దేవునికే మహిమ, ఆయనకే వేలవేల స్తోత్రాలు!

మీలో ఎవరైనా భయంతో నలుగుతుంటే, దేవుని మీద కోపంతో దూరంగా కూర్చుని ఉంటే, ఆ భయం తీరేదాకా, ఆ కోపం చల్లారేదాకా కాచుకోవద్దండి. వణుకుతున్న చేతులతోనే ఆయన దగ్గరికి రండి. మా అన్న అట్లనే వచ్చినాడు.